నాన్న మాత్ర, నా మాత్ర

ఆదివారం రాత్రి భోజనాలయ్యాక నాన్న మాత్రల డబ్బా నింపడం మా ఇంట్లో నా పని. వారం రోజులకి సరిపడా గళ్ళున్న ప్లాస్టిక్ డబ్బా అది. బీపీ మాత్ర పొద్దుటి గడిలో, షుగర్ మాత్రలు రెండు పూటలా, ప్రోస్టేట్ మాత్ర రాత్రి గడిలో. ఏళ్ళ తరబడి చేస్తున్న పని కనక పేర్లు చదవనక్కర్లేదు, స్ట్రిప్పు రంగు చూసి చకచకా వేసెయ్యొచ్చు. ఈమధ్య మాత్రం చదువుతున్నాను. ప్రోస్టేట్ స్ట్రిప్పు వెనక రేకు మీద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరూ, స్కిన్ డాక్టరు గారు నాకు రాసిచ్చిన చీటీలో ఉన్న పేరూ ఒకటే: ఫినాస్టెరైడ్. నాన్నది 5 మిల్లీగ్రాములు, నాది 1. ఆయన వయసు 74, నాది 36. ఆయన రాత్రిళ్ళు పదేపదే బాత్రూముకి లేవకుండా ఉండటానికి వేసుకుంటున్నారు. నేను నడినెత్తిన మిగిలిన జుట్టు నిలబెట్టుకోవడానికి వేసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

ఆ ఒకే పేరు నన్నెందుకు ఇంతగా పట్టుకుంది? నాన్నకి ఆ మందు రాసిన రోజు యూరాలజిస్టు గదిలో ఆయన పక్కన కూర్చున్నది నేనే. జబ్బు, దానికి మందు, అంతే అనిపించింది. అదే మందు నా దాకా వచ్చేసరికి ఇల్లంతా నిద్రపోయాక కూడా దాని గురించి చదువుతూ కూర్చుంటున్నాను. ఆయనది అవసరం, నాది కోరిక అనుకుంటే సమస్య తేలిగ్గా తేలిపోతుంది. కానీ ఆ రెంటి మధ్య గీత అంత తిన్నగా ఉందా? నాన్న మాత్ర ఆయన ప్రాణం కాపాడటం లేదు, నిద్ర కాపాడుతోంది. నిద్ర మనిషికి కావాలి, సరే. అద్దంలో తనకి తెలిసిన మొహమే కనబడటం కూడా కావాలి కదా? జుట్టు పోతే ఏమవుతుంది అని అడిగేవాళ్ళందరికీ దాదాపుగా జుట్టు ఉంటుంది. పోతున్నవాడికి అది రోజూ పొద్దున్నే దువ్వెన పట్టుకున్నప్పుడు జరిగే నష్టం. దాన్ని అహంకారం కింద కట్టేసి పక్కన పెట్టడం నాకు న్యాయంగా తోచదు.

డాక్టరు గారి గదిలో చూసినది ఇంకా కళ్ళలో ఉంది. డెర్మోస్కోప్ అనే చిన్న పరికరాన్ని ముందు నా తల వెనక భాగం మీద ఆనించారు. తెర మీద ఒక్కో కుదురు నుంచి రెండేసి, మూడేసి వెంట్రుకలు, అన్నీ ఒకే మందాన, నల్లగా కనిపించాయి. తర్వాత దాన్ని నడినెత్తికి జరిపారు. ఒక కుదురులో ఒక్కటే వెంట్రుక. పక్కన మందమైనదొకటి, దాని పక్కన సగం మందం కూడా లేనిదొకటి, ఆ పైన రంగు కూడా సరిగ్గా పట్టని నూగు. మధ్యమధ్య చర్మం మెరుస్తోంది. “చూడండి, ఇవి చచ్చిపోలేదు, సన్నబడుతున్నాయి. కుదురు పూర్తిగా మూసుకుపోయాక మందులేవీ పనిచెయ్యవు. ఏం చేసినా అంతకుముందే,” అన్నారావిడ. అప్పటిదాకా నా దిగులంతా దిండు మీద, బాత్రూము జాలీ దగ్గర కనిపించే వెంట్రుకల గురించే. రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం ఎవరికైనా మామూలే. తలమీది వెంట్రుక 2 నుంచి 6 ఏళ్ళు పెరుగుతుంది, రెండు మూడు వారాల్లో ఎదుగుదల ఆగిపోతుంది, మరో మూడు నెలలు అలా ఉండి రాలుతుంది, అదే కుదురులో కొత్తది పుడుతుంది. బట్టతల రాబోయే కుదురులో ప్రతిసారీ ఆ పెరిగే కాలం తగ్గుతూ వస్తుంది, పుట్టే వెంట్రుక అంతకంతకూ సన్నబడుతుంది. అంటే నష్టం రాలినదాంట్లో కాదు, దాని స్థానంలో వచ్చినదాంట్లో ఉంది. ఇన్నాళ్ళూ నేలమీద వెతికినది నెత్తిమీదే ఉందన్నమాట.

మా వైపు మగపిల్లాడి జుట్టు గురించి జోస్యం చెప్పాలంటే మేనమామ తల చూస్తారు. మా మావయ్యకి అరవై దాటినా ఒత్తు జుట్టే. ఆ ధైర్యంతోనే అమ్మ నా చిన్నప్పుడు అందరితో వీడికి మా తమ్ముడి పోలిక వస్తుందిలే అనేది. ఆ నమ్మకంలో కొంత నిజం ఉంది. మగ హార్మోను వచ్చి అతుక్కునే గ్రాహకానికి సంబంధించిన జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, మగపిల్లాడికి అది తల్లి నుంచే వస్తుంది. కానీ బట్టతలతో సంబంధం ఉన్న జన్యువులు ఇంకా చాలా ఉన్నాయి, అవి ఇరువైపుల నుంచీ దిగుతాయి. నాన్నకి 35 ఏళ్ళకే నుదురు నడినెత్తిని కలుసుకుంది. ఇక హార్మోను మాట అంటే, దాన్ని గట్టిగా నిరూపించినది 1942లో జేమ్స్ హామిల్టన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త. యుక్తవయసు రాకముందే వృషణాలు పోయిన మగవాళ్ళకి బట్టతల రాదనీ, వాళ్ళకి టెస్టోస్టెరాన్ ఇస్తే వంశంలో బట్టతల ఉన్నవాళ్ళకి జుట్టు పలచబడటం మొదలవుతుందనీ ఆయన చూపించాడు. వంశం ఒక్కటే చాలదు, హార్మోను ఒక్కటే చాలదు. రెండూ కలవాలి, కాలం కూడా తోడవ్వాలి.

ఈ మందు పుట్టుక కథ చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. డొమినికన్ రిపబ్లిక్‌లో సాలినాస్ అని ఒక పల్లె. అక్కడ కొన్ని కుటుంబాల్లో ఆడపిల్లలనుకుని పెంచిన పిల్లలు కొందరు యుక్తవయసు వచ్చేసరికి మగపిల్లలుగా మారేవారు. జూలియన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ అనే వైద్యురాలూ, ఆమె సహచరులూ వాళ్ళని పరీక్షించి 1974లో కారణం ప్రకటించారు. టెస్టోస్టెరాన్‌ని డీహైడ్రోటెస్టోస్టెరాన్‌గా, పొట్టిగా డీహెచ్‌టీగా, మార్చే ఎంజైము వాళ్ళకి పుట్టుకతోనే సరిగ్గా లేదు. తల్లి కడుపులో మగ అవయవాలు రూపు కట్టడానికి కావలసింది ఆ డీహెచ్‌టీయే. ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యాక వాళ్ళ ప్రోస్టేటు చిన్నగానే ఉండిపోయింది, నుదుటి దగ్గర జుట్టు వెనక్కి పోలేదు. ఆ ఎంజైముని మందుతో ఆపగలిగితే ముసలివాళ్ళ ప్రోస్టేటు తగ్గించొచ్చు కదా అన్నది మెర్క్ కంపెనీ ఆలోచన. 1992లో 5 మిల్లీగ్రాముల మాత్ర ప్రోస్టేటుకి, 1997 చివర్లో 1 మిల్లీగ్రాము మాత్ర బట్టతలకి అమెరికాలో అనుమతి పొందాయి. తమ ఊళ్ళో, తమ చుట్టాల మధ్య, ఎన్ని మాటలు పడి ఎలా బతికారో ఆ పిల్లలు! వాళ్ళ దేహాల్లోంచి తెలుసుకున్న సంగతే ఇవాళ మా ఇంట్లో నాన్న గడిలో పడుతోంది. ఒక మాట మాత్రం నన్ను ప్రత్యేకంగా ఆపింది. నాన్న మోతాదు నాదానికి 5 రెట్లు, కానీ రక్తంలో డీహెచ్‌టీని తగ్గించడంలో రెంటికీ పెద్ద తేడా లేదు. ఒక మిల్లీగ్రాము మాత్ర కూడా దాన్ని దాదాపు మూడింట రెండు వంతులు తగ్గించేస్తుంది. చిన్న మాత్ర గనక చిన్న పని చేస్తుందనుకోవడానికి లేదు.

డాక్టరు గారు చెప్పిన రెండో దారి మినాక్సిడిల్. ఇదీ జుట్టు కోసం పుట్టలేదు. అప్‌జాన్ కంపెనీ తయారుచేసిన రక్తపోటు మాత్ర ఇది. 1979లో అనుమతి వచ్చింది. వేసుకున్నవాళ్ళకి మొహం మీదా చేతుల మీదా వెంట్రుకలు మొలుస్తుంటే, అదే మందుని తలకి రాసే ద్రావకంగా చేసి 1988లో తెచ్చారు. పూటకి 1 మిల్లీలీటరు చొప్పున రోజుకి రెండుసార్లు, పొడిగా ఉన్న తలకి, జుట్టుకి కాకుండా చర్మానికి తగిలేలా రాసుకోవాలి. మొదటి వారాల్లో ఉన్న జుట్టు ఇంకా ఎక్కువగా రాలొచ్చు, పాత వెంట్రుకలు కొత్తవాటికి చోటిచ్చి పోతున్నాయని తెలియక చాలామంది అక్కడే మానేస్తారు. ఫలితం కనబడటానికి నాలుగైదు నెలలు పడుతుంది. కొందరి చర్మంలో ఈ మందుని పనిచేసే రూపంలోకి మార్చే ఎంజైము తక్కువగా ఉంటుంది, వాళ్ళకి ఎంత రాసినా ఫలితం అంతంతమాత్రమే. దురద, పొట్టు కొందరికి. ఇంట్లో పిల్లి ఉంటే మరీ జాగ్రత్త, దానికిది ప్రాణాంతకం. తలకి రాసుకోలేనివాళ్ళకి ఇదే మందుని చాలా తక్కువ మోతాదులో మాత్రగా రాసే డాక్టర్లు ఇప్పుడు పెరిగారు. పాదాల వాపు, గుండెదడ, అక్కర్లేని చోట వెంట్రుకలు రావడం దాంతో ఉండొచ్చు. గుండె జబ్బున్నవాళ్ళు తమంతట తాము ముట్టుకోకూడనిది. ఇంకా బలమైనది కావాలంటే డ్యుటాస్టెరైడ్ ఉంది. ఫినాస్టెరైడ్ ఒక రకం ఎంజైమునే ఆపితే ఇది రెండు రకాలనీ ఆపుతుంది, డీహెచ్‌టీని 90 శాతానికి పైగా తగ్గిస్తుంది. బట్టతలకి దాన్ని దక్షిణ కొరియా, జపాన్ అనుమతించాయి. మానేసినా నెలల తరబడి ఒంట్లోంచి పోదు. ఆ ఒక్క కారణంతోనే దాన్ని నేను ఆలోచనలోంచి తీసేశాను. వద్దనుకున్న రోజు వదిలిపోని మందు నాకు పనికిరాదు.

మిగిలింది ఫినాస్టెరైడ్. దాని లెక్కలు బాగున్నాయి. కంపెనీ చేయించిన పరీక్షల్లో నడినెత్తిన ఒక అంగుళం వ్యాసం ఉన్న వలయం గీసి అందులో వెంట్రుకలు లెక్కపెట్టారు. మొదట్లో సగటున 876. ఏడాది తర్వాత మాత్ర వేసుకున్నవాళ్ళకి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకంటే ఆ వలయంలో 107 వెంట్రుకలు ఎక్కువున్నాయి. రెండేళ్ళ తర్వాత ఆ తేడా 138. రెండేళ్ళకి వెంట్రుకల సంఖ్య తగ్గకుండా నిలబెట్టుకున్నవాళ్ళు మాత్ర వేసుకున్నవారిలో 83 శాతం, వేసుకోనివారిలో 28 శాతం. ఇంత తేడా చూపించే మందులు వైద్యంలో మరీ ఎక్కువేమీ లేవు. కానీ ఆ తేడా ఎక్కడ కనిపిస్తుంది? లెక్కపెట్టినవాడికి కనిపిస్తుంది. నాకు కనిపించేది ఉన్నది ఉన్నట్టుండటమే. మాత్ర లేకపోతే ఎంత పోయేదో నేనెప్పటికీ చూడలేను. తక్కెడలో ఒక పళ్ళెం నిండా కంటికి కనపడని సరుకు పెట్టి తూచమన్నట్టుంటుంది. పైగా ఈ తూకం ఒక్కసారితో అయ్యేది కాదు. మానేస్తే ఏడాది తిరిగేలోగా నిలబెట్టుకున్నది కూడా పోతుంది. తిరుమలలో కల్యాణకట్ట దగ్గర తలనీలాలిచ్చి వచ్చిన రోజున ఎవరూ అద్దం ముందు దిగులుపడి నిలబడరు. మొక్కు తీరింది, జుట్టు మళ్ళీ వస్తుంది. ఇచ్చినదానికి ఒక ముగింపుంది. ఈ మాత్రకి ముగింపు లేదు. 36 ఏళ్ళ మనిషి దీన్ని ఎప్పటిదాకా వేసుకోవాలి? యాభై దాకానా? అప్పుడు ఆపెయ్యడం ఇప్పటికంటే తేలికవుతుందా?

రెండో పళ్ళెంలో ఉన్నవాటిని గురించి రాయడానికి కలం కాస్త ఆగుతుంది. కోరిక తగ్గడం, అంగస్తంభన సరిగ్గా లేకపోవడం, వీర్యం తగ్గడం. పరీక్షల్లో ఇలాంటి ఇబ్బందులు చెప్పినవాళ్ళు మాత్ర వేసుకున్నవారిలో 3.8 శాతం, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 2.1 శాతం. అంటే నూరుమందిలో అదనంగా ఇద్దరు కూడా లేరు. ఎక్కువమందికి మానేస్తే సర్దుకుంటుంది. కానీ మానేశాక కూడా పోలేదని చెప్పినవాళ్ళున్నారని 2012లో అమెరికాలో ఈ మందు సమాచార పత్రంలో చేర్చారు. 2025లో యూరప్ మందుల సంస్థ ఇంకో సంగతి ఖాయపరిచింది. ఆత్మహత్య ఆలోచనలు ఈ మాత్ర దుష్ప్రభావాల్లో ఒకటనీ, అవి ఎంత తరచుగా వస్తాయో తేల్చడానికి ఉన్న సమాచారం చాలదనీ, జుట్టుకి వాడేవాళ్ళు మనసు కుంగినట్టనిపిస్తే మందు ఆపి వెంటనే డాక్టరుని కలవాలనీ చెప్పింది. మందు ప్రయోజనాలు ఇప్పటికీ ప్రమాదాలకంటే ఎక్కువేనని కూడా అదే సంస్థ అంది. ఈ రెండు వాక్యాలనీ పక్కపక్కన పెట్టి నేను చాలాసార్లు చదివాను. రెండూ నిజమే కావచ్చు. లక్షలమందికి మంచిది, ఒకరికి భరించరానిది కావచ్చు. ఆ ఒకరు ఎవరో ముందే చెప్పే పరీక్ష ఏదీ లేదు.

దీనికి తోడు 2007లో ఇటలీలో జరిగిన ఒక పరిశీలన నన్ను ఎటూ తేల్చుకోనివ్వడం లేదు. ప్రోస్టేటుకి ఫినాస్టెరైడ్ రాసిన రోగులని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి లైంగిక ఇబ్బందులు రావచ్చని చెప్పి ఇచ్చారు, రెండో గుంపుకి ఆ మాట చెప్పలేదు. చెప్పించుకున్నవాళ్ళలో 43.6 శాతం మంది ఇబ్బంది ఉందన్నారు, చెప్పించుకోనివాళ్ళలో 15.3 శాతం. ఒకే మందు, ఒకే మోతాదు. అయితే డాక్టర్లు చెప్పకుండా ఉండటమే మేలా? అలా అని నేను ఒప్పుకోలేను. భయం వల్ల కలిగిన ఇబ్బంది కూడా ఆ పడకగదిలో ఇబ్బందే. కానీ చెప్పనివాడికి నిజంగానే మందువల్ల ఏదైనా వస్తే, వాడు దాన్ని వయసు మీదికో, పని ఒత్తిడి మీదికో, చివరికి తన మగతనం మీదికో నెట్టుకుని లోపల్లోపలే కుములుతాడు. మందు అని తెలిస్తే ఆపి చూసుకోవచ్చు. తెలియనివాడు ఆపేదేమిటి? నాకు తెలిశాక వచ్చే భయమే నయమనిపిస్తుంది. ఆ భయాన్ని పక్కన కూర్చుని మాట్లాడి తగ్గించే డాక్టరు ఉంటే ఇంకా నయం.

ఒక సాయంత్రం ఇదంతా నాన్నతో అన్నాను. ఆయన హైస్కూల్లో తెలుగు మేష్టారుగా చేశారు. భర్తృహరి సుభాషితాల్లో బట్టతలవాడి పద్యం ఏనుగు లక్ష్మణకవి తెనుగులో ఆయనకి కంఠతా వచ్చు. ఎండకి నెత్తి మాడిపోతుంటే నీడకోసం తాటిచెట్టు కిందికి పరిగెత్తినవాడి తలమీద తాటిపండు పడుతుంది. దైవం చిన్నచూపు చూసినవాడు ఎక్కడికెళ్ళినా ఆపద వెంటే వెళ్తుందని తాత్పర్యం. ఎండలో నిలబడాలో, చెట్టు కింద నిలబడాలో తెలియడం లేదు నాన్నా, అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, “తాటిచెట్టుకి నీడెంతుంటుందిరా? పది అడుగులు వేసి వేపచెట్టు కిందికి వెళ్ళొచ్చుగా. పండ్లున్నాయా అని ఓసారి తలెత్తి చూడొచ్చుగా. నలభై ఏళ్ళు పాఠం చెప్పాను, వాడిది ఖర్మ అనే చెప్పాను. ఇప్పుడు చూస్తే తొందర కూడా ఉందనిపిస్తోంది,” అన్నారు.

తర్వాత ఆయనే ఇంకో సంగతి ఎత్తారు. “మా రోజుల్లో మందు లేదు కాబట్టి మాకు బాధ లేదనుకుంటున్నావేమో. మీ చెల్లి బారసాల ఫోటోలో నేను లేను, ఎప్పుడైనా చూశావా?” ఆల్బమ్ తీశాను. పీటల మీద అమ్మ, ఒళ్ళో చెల్లి, చుట్టూ పెద్దమ్మలు, పిన్నులు, బల్ల పట్టుకుని నిలబడ్డ నేను. నాన్న లేరు. ఆ తర్వాతి పుటలో నా అక్షరాభ్యాసం ఫోటోలో ఉన్నారు, తలకి తువ్వాలు చుట్టుకుని. చెల్లి పుట్టిన ఏడాది ఫోటోగ్రాఫరు వచ్చినప్పుడల్లా ఆయన ఏదో పని కల్పించుకుని వెళ్ళిపోయేవారట. అమ్మకి కూడా చెప్పలేదట. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఆ ఫోటోలు ఎన్నోసార్లు చూసి కూడా, మా ఇంట్లో ఎవరికీ ఆ ఖాళీ కనిపించలేదు. ఆయన అంత మనసు విప్పిన ధైర్యంతో నేను అడగలేననుకున్నది అడిగేశాను. ఈ మాత్ర మొదలుపెట్టాక నీకేమైనా తేడా అనిపించిందా? నాన్న కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. “అనిపించింది. డాక్టరు అడగలేదు, నేను చెప్పలేదు. ఈ వయసులో ఏం చెప్తాంలే అనుకున్నాను. అలాగని మనసులో లేకపోలేదు,” అన్నారు. తర్వాతి చెకప్‌లో ఆయనే నోరు విప్పి చెప్పారు. యూరాలజిస్టు శ్రద్ధగా విని, వేరే దారులేమున్నాయో వివరించి, నిర్ణయం ఆయనకే వదిలారు. ఆలోచించుకుని ఆయన ప్రస్తుతానికి ఆ మాత్రే కొనసాగిస్తానన్నారు. ఆ వయసులోనూ అది ఆయన తేల్చుకోవలసిన విషయమే.

ఆ రోజు నుంచి నా ఆలోచన దారి మారింది. జుట్టు గురించి పట్టించుకోవడం ఒక సిగ్గు, పడకగది గురించి మాట్లాడటం రెండో సిగ్గు. ఈ మాత్ర వేసుకునే మగవాడు రెండూ మోస్తాడు, కాబట్టి ఎవరికీ చెప్పకుండా వేసుకోవాలనుకుంటాడు. కానీ ఇంతమందికి చెప్పి తీరాల్సిన మందు ఇంకోటి నాకు తెలియదు. ఈ మాత్ర వాడేవాళ్ళ రక్తంలో ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానాన్ని పట్టిచ్చే పీఎస్ఏ అంకె సగానికి పడిపోతుంది. చూసే డాక్టరుకి మాత్ర సంగతి తెలిస్తే దాన్ని రెట్టింపు చేసి చదువుతాడు, తెలియకపోతే ప్రమాదంలో ఉన్నవాణ్ణి కూడా బాగున్నావని ఇంటికి పంపేస్తాడు. యాభయ్యేళ్ళొచ్చాక జుట్టు మాత్ర దాచిపెట్టినవాడికి ఈ ముప్పుంది. నేను రక్తదానం చేస్తుంటాను. ఈ మాత్ర వేసుకుంటే అమెరికాలో ఆఖరి మాత్ర తర్వాత నెల రోజులు ఆగమంటారు, డ్యుటాస్టెరైడ్ అయితే ఆరు నెలలు. రక్తం ఎక్కించుకునే మనిషి గర్భిణీ కావచ్చు, కడుపులో మగబిడ్డ ఉండొచ్చు. సాలినాస్ పిల్లల కథ తెలిసినవాడికి ఈ జాగ్రత్త ఎందుకో విడిగా చెప్పక్కర్లేదు. ఫారం మీద ఆ గడి ఖాళీగా వదిలేసినవాడి సిగ్గు, ముక్కూమొహం తెలియని తల్లి దాకా వెళ్తుంది. అదే కారణంతో విరిగిన మాత్ర, దాని పొడి గర్భిణులు తాకకూడదు. ఖర్చు తగ్గుతుందని 5 మిల్లీగ్రాముల మాత్రని నాలుగు ముక్కలు చేసుకునేవాళ్ళున్నారు. మా ఇంట్లో నాన్న స్ట్రిప్పు చేతికందేంత దూరంలో ఉంది. నేను ఊళ్ళో లేనప్పుడు ఆ డబ్బా నింపేది నా భార్య.

తనకి అన్నీ చెప్పాను, నడినెత్తి ఫోటోలతో సహా. మేము రెండో బిడ్డ కావాలనుకుంటున్నాం. వీర్యం ద్వారా వెళ్ళే మందు చాలా స్వల్పమనీ, పూర్తి మాత్రని తాకితే ఏమీ కాదనీ డాక్టరు గారు చెప్పిన మాట కూడా చెప్పాను. తను అంతా విని, “నాకు నీ జుట్టు ముఖ్యం కాదు అనను. నీకు ముఖ్యమని తెలుసు. కానీ ఆ తొమ్మిది నెలలూ నాకు ఇంకో భయం వద్దు,” అంది. అందులో నేను కాదనగలిగింది ఏమీ లేదు. ఇప్పటికి మినాక్సిడిల్ మొదలుపెట్టాలనీ, మాత్ర సంగతి బిడ్డ పుట్టాక తిరిగి చూడాలనీ అనుకున్నాం. ఈలోగా కొన్ని కుదుళ్ళు మూసుకుపోతాయి. ఆ నష్టం నేను తెలిసే ఒప్పుకుంటున్నాను. ఎవరైనా వేరే జీవితంలో ఉండి మాత్రే ఎంచుకుంటే వాళ్ళది తప్పని అనను. ముప్పై దాటని, మనసు కుదురుగా ఉన్న, చెప్పుకోవడానికి ఒక మంచి డాక్టరున్న కుర్రాడికి మాత్ర వేసుకోవడం మంచి ఎంపికేననుకుంటాను. ఆ మూడో షరతు గురించే నా బెంగ.

మొన్న బెంగళూరు నుంచి పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, ఫోటో అడిగిన చోటల్లా వాడికి గుండె జారిపోతోంది. “అన్నయ్యా, నువ్వేదో వాడుతున్నావట, పేరు చెప్పు. నేను ఆల్రెడీ ఒక యాప్‌లో తెప్పించుకుని మొదలుపెట్టాను, అదీ ఇదీ ఒకటేనా?” ఏమిటో చూసి చెప్పమన్నాను. ఫినాస్టెరైడే. డాక్టరు మాట్లాడాడా అంటే, చాట్‌లో నాలుగు ప్రశ్నలడిగారన్నాడు. వాడు ఇంజనీరింగు మూడో ఏడాదిలో డిప్రెషన్‌కి మందులు వాడిన సంగతి మా ఇంట్లో నాకూ పిన్నికే తెలుసు. ఆ ప్రశ్న అడిగారా? అడిగారన్నయ్యా. ఏం రాశావు? కాసేపు మాట్లాడలేదు. “లేదని రాశాను. ఉందంటే మందివ్వరేమోనని.” నేను తిట్టలేదు. వాడి స్థానంలో ఆ వయసులో ఎవరైనా అదే గడి మీద నొక్కేవారేమో. నిద్ర ఎలా ఉంది, మనసెలా ఉంది అని అడిగితే, ఈమధ్య పొద్దున్నే లేవబుద్ధి కావడం లేదని, అది ఆఫీసు వల్లేననుకుంటున్నానని అన్నాడు. కావచ్చు, కాకపోవచ్చు, ఆ తేల్చేది నువ్వూ నేనూ కాదు అన్నాను. ఈ రాత్రి మాత్ర వెయ్యొద్దు, ఆపినందువల్ల వారం పది రోజుల్లో నీ జుట్టుకి ఏమీ కాదు, అప్పట్లో నిన్ను చూసిన సైకియాట్రిస్టుకే రేపు ఫోన్ చెయ్యి, మందు పేరు, మోతాదు, ఎప్పుడు మొదలుపెట్టావో చెప్పు, చాట్‌లో ఏం రాశావో కూడా చెప్పు అన్నాను. చెప్పడం కష్టమైతే నన్ను లైన్లోకి తీసుకో అన్నాను. సరేనన్నాడు. మర్నాడు పదకొండింటికి కాన్ఫరెన్స్ కలిపాడు, ముందు వాడే మాట్లాడాడు.